ఫుట్‌బోర్డు

దేవరకొండ డిపోల తెల్లారగట్ల నాలుగుంబావు.
మైసయ్య ఇంజను గరం చేస్తున్నడు.
తోలుసంచిల చెయ్యి పెడితే
చిల్లర కింద ఇసుక తగిలింది.
సముద్రానికి గుడ దీన్నే పట్టుకపోయిన మరి,
భుజాన్ని ఏదో ఒకటి గుంజకపోతే
నడక నాది కాదనిపిస్తది.

అయిదుగురం కండక్టర్లం, రుషికొండకు,
మూడు దినాలు లీవు.
పొద్దున ఇసుకల ఆసనాలు,
పదిగంటలకు అలల మీద పలక.
రెంటికీ కలిపి ఒక్కటే రేటు.
"ఒక్కటే చేస్తే సగం తీసుకుంటరా?"
సైదమ్మ బేరం సైదమ్మ చేసింది.

యోగా మేడం శర్వాణి మెత్తగ మాట్లాడుతది,
రాత్రి బస్సుల చంటిపిల్లను పండబెట్టినట్టు.
"మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోండి.
శ్వాసను మోకాళ్లలోకి పంపించండి."
పంపిన.
పోలేదు.
నా మోకాళ్లల్ల మర్రిగూడ బోరునీళ్లున్నయి మేడం,
పదహారేండ్లదాంక తాగినయి,
ఎముకలు పట్టుకొని దిగమంటే దిగుతలెవ్వు,
టికెట్ లేని ప్యాసింజర్ల తీరు.
అనలేదు. నవ్విన.
అందరు కప్పల లెక్క కూసుంటే
నేనొక్కదాన్నే కిలోమీటరు రాయి లెక్క నిలబడ్డ.

తర్వాత ఎల్లాజీ వచ్చిండు,
జాలరి పిల్లగాడు, ఉప్పుకు ఎర్రబడ్డ జుట్టు.
ముందు ఇసుకల పలక బొమ్మ గీసి
దాని మీద బోర్ల పండబెట్టిండు.
చేతులతోని తెడ్డేసుడు, ఛాతి లేపుడు.
పొద్దున మేడం చెప్పిన పామే
పేరు మార్చుకొని మళ్ల వచ్చింది.
"లెగండమ్మా, ఒక్కపాలే లెగాల!
కిందకి సూడకండి, పాదాలెక్కడికీ పోవు.
ఒడ్డు సూడండి, ఒడ్డు!"

సైదమ్మ పడ్డది.
మిర్యాలగూడ పారిజాత పడి, లేసి, నీళ్లు ఉమ్మి
"ఉప్పెక్కువైంది" అన్నది
ఎవలో వండిన కూరను అన్నట్టు.

నా వంతు.
పలక కింద నీళ్లు ఒక్కసారి గుంజినయి,
అచ్చం మల్లేపల్లి చౌరస్తల మైసయ్య
గేరు మార్చినట్టే.
ఇగ నేనే లేసిన్నో, కాళ్లే లేసినయో.
ఎడమకాలు ముందర, కుడికాలు అడ్డం,
నడుము జర వదులు.
మడవని మోకాళ్లు ఎంత మడుస్తయో అంతే మడిచిన.
అలకు అది చాలింది.

ఇరవైరెండేండ్ల సంది నిలబడ్డ తీరే గద.
జీరో టికెట్లు కొట్టుకుంట, రాడ్డు పట్టకుంట,
నూటపది మంది నడుమ,
డిండి మలుపులల్ల,
ఒక పాదం మీద ఎవలదో సద్దిమూట
ఇంకో పాదం మీద కాళ్లు కట్టిన కోడి,
నోట్లె పెన్ను.
పలక మీద చూస్తే ఎవ్వరు లేరు.
అంత జాగ నాకొక్కదానికే.
ఏం చేసుకోవాల్నో తెల్వక
రెండు చేతులు గాలికి వదిలిన.

"ఎక్కడ నేర్సారమ్మా?" ఎల్లాజీ అరుస్తున్నడు.
చెప్దామనే నోరు తెరిసిన.
వచ్చిన మాట మాత్రం
"రైట్ రైట్!"
సముద్రం కదిలింది.

సైదమ్మ లెక్కల ఏడు సెకండ్లు.
నా లెక్క నాకున్నది.
తర్వాత నేను గుడ పడ్డ,
ముక్కులకెల్లి సముద్రం పోయింది,
పోయి మోకాళ్ల దాంక దిగిందేమో,
రాత్రంత సలిపినయి.

మల్లేపల్లిల ఎక్కిన పెద్దమనిషికి
అయిదు రూపాల బిళ్ల వాపసిస్తే
తిప్పి తిప్పి చూసి, వేలుతోని దులిపి,
"ఏడిదమ్మ గీ ఇసుక, వాగుదా?" అన్నడు.
"పెద్దవాగుది" అన్న.
"నీళ్లున్నయా అండ్ల?"
"ఉన్నయి. తాగరావు."
"ఇగ మనయసోంటియే" అని
బిళ్ల జేబుల ఏసుకున్నడు.

జరుగున్రి, ముందుకు జరుగున్రి,
నడుమ అంత ఖాళీ ఉన్నది.

బర్రె అడ్డమొచ్చి మైసయ్య బ్రేకు కొట్టిండు.
బస్సంత ముందుకు ఒరిగింది,
నేను తప్ప.